తొందరపెట్టే సంచి, నేర్చుకునే మెదడు

ఒంటికి వెళ్లాలన్న ఆత్రం ఉన్నట్టుండి ముంచుకొస్తుంది. దానికి భయపడి ప్రయాణాలు, పెళ్లిళ్లు మానుకునేవారు ఎందరో. వేడి, షిఫ్టులు, వయసు కలిసే భిలాయ్ ఉక్కునగరంలో ఈ బాధకు కారణాలు చాలానే ఉన్నాయి. ఉపశమనానికి దారులూ ఉన్నాయి. వాటిలో మొదటిదానికి మందుల చీటీ కూడా అక్కర్లేదు.

దుర్గ్ నుంచి విశాఖపట్నానికి వందేభారత్ రైలు 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. పక్కనే ఉన్న భిలాయ్‌లోని తెలుగువారికి అది ఊరికి తీసుకెళ్లే బండి. రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా దాదాపు 8 గంటల ప్రయాణం. చాలామంది కిటికీ పక్క సీటు కోరుకుంటారు. కొందరు మాత్రం బోగీ చివర, తలుపుకు దగ్గరగా ఉండే సీటు దొరుకుతుందా అని చూస్తారు. రాయగడ కొండలతో వారికి పని లేదు. వారి చూపంతా మరుగుదొడ్డి ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీదే. బయల్దేరే ముందు టీ తాగరు. మంచినీళ్ల సీసా మూత తీయరు. అయినా రాయపూర్ దాటకముందే రెండుసార్లు లేచి ఉంటారు.

ఇలాంటివారు ఇంటి నుంచి బయటికి వెళ్లే ప్రతి దారినీ ఒకే లెక్కతో కొలుస్తారు. బజారుకు వెళ్తే ఏ హోటల్ వాళ్లు లోపలికి రానిస్తారు? పెళ్లి మండపంలో బాత్రూమ్ ఎటువైపు? ఆసుపత్రి క్యూలో నిలబడితే వరుస పోకుండా వెళ్లి రాగలమా? ఈ లెక్క తేలని చోటికి వెళ్లడమే మానేస్తారు. ముందు దూర ప్రయాణాలు, తర్వాత పేరంటాలు, ఆ తర్వాత సాయంత్రపు నడక. ప్రాణం తీసే జబ్బు కాదు గానీ, బతుకును కొద్దికొద్దిగా నాలుగు గోడల మధ్యకు నెడుతుంది.

పేరు లేని బాధ

ఈ పనికి తెలుగులో మాటలకు కరవు లేదు. ఒంటికి పోవడం, ఒంటేలు, లఘుశంక, అల్పాచమానం... ఇంటిని బట్టి, ఊరిని బట్టి ఒక మాట. కానీ ఆపుకోలేని ఆత్రానికి మాత్రం అందరూ వాడే పేరంటూ లేదు. పేరు లేని బాధను డాక్టర్‌కు చెప్పడం కష్టం. అందుకే చాలామంది 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకుంటారు.

వైద్యులు దీన్ని ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. తెలుగులో అతి చురుకైన మూత్రాశయం అనుకోవచ్చు. ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లో దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. వాయిదా వేయడం కష్టమయ్యేంత ఆత్రం ఉన్నట్టుండి రావడం దీని ప్రధాన లక్షణం. దాంతోపాటు సాధారణంగా పగలు మాటిమాటికీ, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తుంది. కొందరికి దారిలోనే కొంత పడిపోతుంది. అందరికీ అలా జరగాలని లేదు. ఇన్‌ఫెక్షన్ వంటి స్పష్టమైన కారణం ఏదీ కనిపించనప్పుడే ఈ పేరు పెట్టాలి.

ఇది అరుదైన సమస్యేమీ కాదు. కెనడా, జర్మనీ, ఇటలీ, స్వీడన్, బ్రిటన్‌లలో పెద్దల మీద జరిపిన సర్వే ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వారిలో 11.8 శాతం మందికి ఈ లక్షణాలున్నట్టు తేలింది. మగవారికీ ఆడవారికీ మధ్య తేడా స్వల్పమే. మగవారిలో 10.8, ఆడవారిలో 12.8 శాతం. ఎనిమిది, తొమ్మిది మందిలో ఒకరికి ఉన్న బాధ గురించి ఎవరూ మాట్లాడరంటే కారణం సిగ్గే.

అసలు లోపల జరిగేదేమిటి? మూత్రపిండాల నుంచి దిగే మూత్రాన్ని దాచే సంచి మూత్రాశయం. పెద్దవారిలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికి మెదడుకు తొలి కబురు వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది కబురు మాత్రమే. 'ఇప్పుడు కాదు, ఆగు' అని మెదడు చెబితే సంచి గోడలోని డిట్రూసర్ కండరం వదులుగానే ఉండి, వచ్చేదాన్ని దాచుకుంటూ పోతుంది. రెండు మూడేళ్ల వయసులో పిల్లలు నేర్చుకునే విద్య ఇదే. ఓవర్‌యాక్టివ్ బ్లాడర్‌లో ఆ కండరం మెదడు అనుమతి కోసం ఆగదు. సంచి సగం నిండకముందే బిగుసుకుంటుంది. లేదా కొద్దిపాటి కబురునే మెదడు పెద్ద ప్రమాదంగా చదువుకుంటుంది.

ఇందులో అలవాటు పాత్ర కూడా ఉంది. ఇంటి గుమ్మం ముందు నిలబడి తాళం తీస్తుండగానే ఆత్రం ముంచుకురావడం చాలామందికి అనుభవం. కుళాయి చప్పుడు విన్నా అంతే. సంచిలో ఉన్నది ఎంతన్నది అప్పుడు లెక్కలోకే రాదు. ఇల్లు, తలుపు, నీళ్ల చప్పుడు అనే గుర్తులను మెదడు ఆ పనితో ముడివేసుకుంది. పడిన ముడిని విప్పడమూ సాధ్యమే. చికిత్సకు ఆధారం అదే.

కొలిమి పక్కన కొలువు

భిలాయ్ కథ తెలుగువారికి కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతానికి ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. సెక్టార్ 5లోని బాలాజీ గుడి ఆ స్థిరత్వానికి గుర్తు. తొలి తరంలో మిగిలినవారు ఇప్పుడు ఎనభైలు దాటారు. వారి పిల్లలు కూడా చాలామంది రిటైరయ్యారు. మూత్రాశయం మాట వినని వయసు ఇదే.

ఉక్కు కర్మాగారంలో ఈ బాధకు మరో కోణం ఉంది. కోక్ ఓవెన్లు, ఫర్నేస్‌లు, రోలింగ్ మిల్లుల దగ్గర పనిచేసే మనిషి ఒంట్లోని నీరు చెమటగా పోతుంది. తాగింది తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం సున్నితంగా ఉన్న మూత్రాశయాన్ని రెచ్చగొడుతుంది, రాళ్లు ఏర్పడే ముప్పునూ పెంచుతుంది. ఇక షెడ్డు కప్పు కింద, ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని క్రేన్ నడిపే ఆపరేటర్ సంగతి చూడండి. కింద లోడు వేలాడుతుండగా సీటు వదలడానికి వీల్లేదు. బదులు మనిషి రావాలి, మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అలాంటి కొలువులో ఉన్నవారు నేర్చుకునేవి రెండే. ఒకటి, తాగడం తగ్గించడం. రెండు, ఉన్నా లేకపోయినా షిఫ్ట్‌కు ముందు, మధ్యలో వీలు చిక్కినప్పుడల్లా వెళ్లి రావడం. ఆ రెండో అలవాటుతో సంచి తక్కువ నిండటానికే అలవాటుపడుతుంది. క్రమంగా కొద్దిపాటికే కేక వేస్తుంది.

నైట్ షిఫ్ట్ మరో చిక్కు. సాధారణంగా రాత్రి వేళ శరీరంలో యాంటీ డైయూరెటిక్ హార్మోన్ పెరిగి మూత్రం తయారీ తగ్గుతుంది. నిద్ర వేళలు వారం వారం మారే ఉద్యోగంలో ఆ లయ చెదురుతుంది. మేలుకోవడానికి తాగే టీలు దానికి తోడు. టీలోనూ కాఫీలోనూ ఉండే కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, మూత్రాశయాన్నీ ఉసిగొల్పుతుంది.

నీళ్లు తగ్గిస్తే?

ఈ బాధ ఉన్నవారు మొదట చేసే పని నీళ్లు మానేయడం. అది వికటిస్తుంది. మూత్రం చిక్కబడి మంట, ఆత్రం పెరుగుతాయి. మలబద్ధకం వస్తుంది. నిండిన పెద్దపేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని ఒత్తడంతో తొందర ఇంకా ఎక్కువవుతుంది. ఎండలు ముదిరే ఛత్తీస్‌గఢ్ వేసవిలో వడదెబ్బ ముప్పు అదనం.

మరీ ఎక్కువ తాగడం కూడా తప్పే. 'రోజుకు ఐదు లీటర్లు తాగితే లోపలంతా కడుక్కుపోతుంది' అన్న నమ్మకంతో సీసాలు ఖాళీ చేసేవారికి మాటిమాటికీ రాక తప్పదు. నీడపట్టున పనిచేసే ఆరోగ్యవంతులకు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా ద్రవాలు సాధారణంగా సరిపోతాయి. ఫర్నేస్ దగ్గర చెమటోడ్చేవారికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. కొలమానం రంగు. లేత పసుపు ఉంటే చాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతనే పాటించాలి. రాత్రి లేవాల్సి వచ్చేవారు పడుకునే ముందు రెండు మూడు గంటలు తాగడం తగ్గించి, ఆ వాటాను పగలే తాగేయాలి. సాయంత్రానికి కాళ్లు వాచేవారు మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకుంటే, ఆ నీరు రాత్రికి కాకుండా పగలే దిగిపోతుంది.

రాత్రి లేవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 6,000 మందికిపైగా వృద్ధ మహిళల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆత్రంతో వారానికి ఒకసారైనా మూత్రం పడిపోయేవారిలో జారిపడే ముప్పు 26 శాతం, ఎముక విరిగే ముప్పు 34 శాతం ఎక్కువగా కనిపించింది. చీకట్లో, తడి నేల మీద పరుగెత్తే డెబ్బై ఏళ్ల మనిషికి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న బల్బు, గోడకు పట్టుకునేందుకు కడ్డీ, అవసరమైతే మంచం పక్కనే పాత్ర. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.

కిడ్నీ భయం

శ్రీకాకుళం మూలాలున్న కుటుంబాల్లో మూత్రం తేడా అనగానే కదిలే భయం ఒకటుంది. ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. మాటిమాటికీ ఒంటికి వస్తుంటే 'నా కిడ్నీలూ పోతున్నాయా?' అన్న అనుమానం రావడం సహజం.

రెండింటికీ తేడా తెలిస్తే భయం తగ్గుతుంది. ఆత్రం ప్రధానంగా మూత్రాశయానికి, దాన్ని నడిపే నరాలకు సంబంధించిన బాధ. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి తొలిదశలో తరచూ ఏ లక్షణమూ చూపించదు. కాబట్టి ఆత్రం ఉన్నంత మాత్రాన కిడ్నీలు చెడ్డాయని కాదు, లేనంత మాత్రాన బాగున్నాయనీ కాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపే రెండు మామూలు పరీక్షలు సంగతి తేలుస్తాయి. అనుమానం ఉన్నవారు చేయించుకోవాల్సింది అవే.

అంతకంటే ఎక్కువగా అనుమానించాల్సింది చక్కెరను. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. రక్తంలో చక్కెర పెరిగితే మూత్రం పరిమాణమే పెరుగుతుంది. ఏళ్లు గడిస్తే మూత్రాశయం నరాలూ దెబ్బతింటాయి. చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు, బీపీకి ఇచ్చే నీటి మాత్రలు కూడా ఒంటికి వెళ్లడాన్ని పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపేయకూడదు. వేళ మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగాలి. మగవారిలో అరవైల వయసుకు సగం మందిలో ప్రోస్టేట్ గ్రంథి పెరుగుతుంది. దారి ఇరుకైతే మూత్రాశయం బలంగా నెట్టడానికి అలవాటుపడి, చివరకు అదుపు తప్పుతుంది. ఆడవారిలో ముట్లుడిగాక పొరలు పలచబడటం, ప్రసవాల తర్వాత కటి కండరాలు సడలడం, గర్భసంచి జారడం కారణాలు కావచ్చు. పక్షవాతం, పార్కిన్సన్స్ వంటి నరాల జబ్బుల్లోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది.

మెదడుకు మళ్లీ చదువు

కారణం తేలాక, లేదా ప్రత్యేక కారణం ఏదీ లేదని తేలాక, చికిత్స ఒక కాగితం, ఒక కొలపాత్రతో మొదలవుతుంది. మూడు రోజులపాటు ఎప్పుడు తాగారు, ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది, ఆత్రం ఎంత ఉంది, ఏమైనా పడిపోయిందా అన్నవన్నీ రాసుకోవాలి. బ్లాడర్ డైరీ అనే ఈ కాగితం డాక్టర్‌కు చాలా విషయాలు చెబుతుంది. ప్రతిసారీ 100 మిల్లీలీటర్లే వస్తుంటే సంచి నిండకుండానే కేక వేస్తోందన్నమాట. ప్రతిసారీ 400 వస్తూ రోజుకు 12 సార్లు వెళ్తుంటే సమస్య మూత్రాశయానిది కాదు, ఒంట్లో తయారవుతున్న పరిమాణానిది. అప్పుడు వెతకాల్సింది మధుమేహం వంటివాటిని, లేదా తాగే అలవాటును.

తర్వాతిది మూత్రాశయ శిక్షణ. డైరీలో గంటకోసారి వెళ్తున్నట్టు తేలిందనుకుందాం. మొదటి వారం గంటకే గడియారం చూసి వెళ్లాలి, ఆత్రం ఉన్నా లేకపోయినా. అది కుదిరాక గంటంపావు. తర్వాత గంటన్నర. ఇలా 15 నిమిషాల చొప్పున పెంచుకుంటూ మూడు, నాలుగు గంటల దాకా చేరడం లక్ష్యం. ఆరు నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ఫలితం రాలేదని వదిలేసేవారే ఎక్కువ.

మధ్యలో ఆత్రం ముంచుకొస్తే ఏం చేయాలి? పరుగెత్తకూడదు. పరుగు కడుపు మీద ఒత్తిడి పెంచుతుంది, భయాన్నీ పెంచుతుంది. ఉన్నచోటే ఆగాలి, వీలైతే కూర్చోవాలి. కింది కండరాలను గబగబా ఐదారుసార్లు బిగించి వదలాలి. ఆ కండరాలు బిగిస్తే మూత్రాశయం వదులవ్వాలన్న సంకేతం నరాల ద్వారా అందుతుంది. నెమ్మదిగా ఊపిరి తీస్తూ మనసును మళ్లించాలి. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ లెక్కపెట్టడం కొందరికి పనిచేస్తుంది. ఆత్రం అలలాంటిది. లేస్తుంది, కాసేపటికి విరుగుతుంది. అది విరిగాక మామూలు నడకతో వెళ్లాలి.

ఇందుకు కటి కండరాలు బలంగా ఉండాలి. అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఇది. అపానవాయువును ఆపుకునేటప్పుడు బిగించే కండరాలే ఇవి. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలాలి. పదిసార్లు చేస్తే ఒక విడత. రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా చేయకూడదు. ఆడవారికే కాదు, మగవారికీ ఇది పనికొస్తుంది.

ఇదంతా పెద్దల ఓదార్పు అనుకుంటే పొరపాటు. 55 ఏళ్లు దాటిన 197 మంది మహిళల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందినవారిలో మూత్రం పడిపోయే సందర్భాలు 80.7 శాతం తగ్గాయి. ఆక్సీబ్యుటినిన్ మాత్ర వాడినవారిలో 68.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 39.4 శాతం తగ్గాయి. మాత్రను శిక్షణ ఓడించిందన్నమాట. బరువు తగ్గడం కూడా మందే. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, స్థూలకాయం ఉన్న మహిళలు సగటున 8 శాతం బరువు తగ్గితే మూత్రం పడిపోయే సందర్భాలు 47 శాతం తగ్గాయి. పోల్చిచూసిన రెండో జట్టులో తగ్గింది 28 శాతమే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వేగాలను ఆపకూడదని మన వైద్యం చెప్పలేదా? చెప్పింది. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం ఆపకూడని 13 వేగాల గురించే, వాటిలో మూత్రం ఉంది. సంచి నిండి నొప్పి పెడుతున్నా గంటల తరబడి బిగబట్టడం నిజంగానే హాని. ఇన్‌ఫెక్షన్లకు అది దారితీస్తుంది. శిక్షణలో చేసేది వేరు. సగం కూడా నిండని సంచి వేసే అబద్ధపు కేకకు బెదరకుండా పావుగంట ఆగడం. నిజమైన పిలుపును గౌరవించాలి, దొంగ పిలుపును కనిపెట్టాలి.

మాత్రలు, ఆపైన

శిక్షణతో సరిపోనివారికి మందులున్నాయి. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ ఒక కుటుంబం. మూత్రాశయ కండరాన్ని శాంతపరుస్తాయి. నోరు ఎండటం, మలబద్ధకం వీటితో వచ్చే ఇబ్బందులు. వృద్ధుల్లో మతిమరుపు, గందరగోళం తలెత్తే ప్రమాదం ఉంది గనుక వారికి జాగ్రత్తగా ఇవ్వాలి. మిరాబెగ్రాన్ మరో తరహాది. అమెరికాలో 2012లో అనుమతి పొందింది. నోరు ఎండటం తక్కువ గానీ బీపీ చూసుకుంటూ వాడాలి. ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా ఖాళీ కానివారికి మొదటి కుటుంబం మాత్రలు ఇస్తే మొత్తానికే బంద్ కావచ్చు. అందుకే ముందు స్కానింగ్‌లో ఎంత మిగిలిపోతోందో చూస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావివి.

మాత్రలూ పనిచేయకపోతే మూత్రాశయం గోడలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు, చీలమండ దగ్గరి టిబియల్ నరానికి స్వల్ప విద్యుత్ ప్రేరణ, నడుం కింద నరాలకు చిన్న పరికరం అమర్చడం వంటి పద్ధతులున్నాయి. బొటాక్స్ ప్రభావం నెలల తర్వాత తగ్గుతుంది, మళ్లీ చేయించుకోవాలి. ఇవి యూరాలజీ నిపుణులున్న పెద్ద ఆసుపత్రుల పని. ప్లాంటు వారికి సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. రాయపూర్‌లోని ఎయిమ్స్‌లో యూరాలజీ విభాగం ఉంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం డైరీ రాస్తూ కూర్చోకూడదు. మూత్రంలో రక్తం, చలిజ్వరంతో మంట, నడుములో తీవ్రమైన నొప్పి, పొట్ట ఉబ్బినా మూత్రం రాకపోవడం, కాళ్లు బలహీనపడటం, తొడల మధ్య తిమ్మిరి. వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం కనిపించి ఆగిపోయినా వదిలేయకూడదు. ముఖ్యంగా పొగతాగేవారిలో అది మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు.

వ్యాయామంతో తీరనిది

మూత్రాశయానికి ఎంత చదువు చెప్పినా, వెళ్లడానికి చోటే లేకపోతే ఆ చదువు దేనికీ పనికిరాదు. ఇది సగం వైద్యం సమస్య అయితే సగం పౌరసమస్య. కార్మికులు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ అందుబాటులో ఉండేలా, అనువైన చోట మరుగుదొడ్లు కట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్ ఆదేశించింది. ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పురుషులు, మహిళలతోపాటు ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకూ విడిగా సదుపాయం ఉండాలని అది చెబుతోంది. కాగితం మీద లోటు లేదు. చూడాల్సింది మరుగుదొడ్డి గేటు దగ్గర ఉందా, పనిచేసే చోటికి దగ్గర ఉందా అని. కాంట్రాక్ట్ కార్మికుడు సూపర్‌వైజర్ ముఖం చూడకుండా వెళ్లి రాగలడా అని.

రైలునే తీసుకోండి. భారతీయ రైల్వేలు నడిచే పట్టాలను భిలాయ్ దశాబ్దాలుగా తయారుచేస్తోంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు, అహ్మద్‌పూర్ స్టేషన్‌లో మరుగుకు వెళ్తే గార్డు బండి కదిలించేశాడనీ, చెంబు ఒక చేత్తో, ధోవతి మరో చేత్తో పట్టుకుని పరుగెత్తి పడిపోయాననీ రైల్వే అధికారులకు ఘాటైన లేఖ రాశారు. దాని తర్వాతే కింది తరగతి బోగీల్లోనూ మరుగుదొడ్లు వచ్చాయని చెప్పుకుంటారు. అయితే అదే బండిని నడిపే డ్రైవర్‌కు ఆ వసతి దక్కడానికి మరో శతాబ్దం పట్టింది. మరుగుదొడ్డి ఉన్న తొలి ఇంజన్‌ను రైల్వే ప్రవేశపెట్టింది 2016లోనే.

ఆడవారి పరిస్థితి మరీ ఘోరం. దుకాణాల్లో, బజార్లలో పనిచేసే మహిళలు రోజంతా నీళ్లు తాగకుండా గడిపి ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకుంటున్నారు. కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల మహిళలు మరుగుదొడ్డి కోసం మొదలుపెట్టిన పోరాటమే కూర్చునే హక్కు దాకా సాగింది. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. 2025 జనవరి 15న రాజీబ్ కలిత కేసులో సుప్రీంకోర్టు దేశంలోని అన్ని కోర్టు ప్రాంగణాల్లో పురుషులకు, మహిళలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. ఇది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తేల్చింది. కోర్టుకు వర్తించే న్యాయం బజారుకు, బస్టాండుకు, గుడి ఉత్సవానికి ఎందుకు వర్తించదు?

భిలాయ్‌కు 70 కిలోమీటర్లకుపైగా దూరంలోని దల్లీ రాజహరా గనుల కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో 1983లో షహీద్ ఆసుపత్రి పెట్టుకున్నారు. ఆరోగ్యం కూడా కార్మిక సమస్యేనన్నది వారి వాదం. ఆ వాదం మూత్రాశయానికీ వర్తిస్తుంది. క్రేన్ ఆపరేటర్‌కు బదులు మనిషి, పని చోటికి దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి, ఆరోగ్య పరీక్షల్లో 'ఒంటికి వెళ్లడంలో ఇబ్బంది ఉందా?' అన్న ఒక్క ప్రశ్న. ఇవి అడగడానికి యూనియన్ నాయకులు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. పండక్కి ఊరు రానంటున్న పెద్దావిడను 'ఎందుకమ్మా?' అని ఒక్కసారి నెమ్మదిగా అడగాలి. కాళ్లనొప్పులని చెబితే నమ్మేసి ఊరుకోవద్దు. అసలు కారణం వేరే ఉండొచ్చు, దానికి మందు ఉందని ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.